ఏడుపొస్తుంటే ఆనందించమంటారేంటక్కా?

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

అందరికీ వందనాలు. ఈ నెల వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్‌లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు అన్నీ కూర్చుని విన్నాను. ఊళ్ళు వేరు, కష్టాలు వేరు గానీ చివర్లో అడిగేది మాత్రం తిరిగి తిరిగి ఒక్క దగ్గరికే వస్తోంది, విశ్వాసిని కదా మరి నాకు సంతోషం ఎందుకు లేదు అని. అందుకే పెళ్ళి సంబంధాల ప్రశ్నలు, పిల్లల కాలేజీల ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేసి ఈసారి ఇవే తీసుకున్నా. పేర్లు వెయ్యట్లేదు. కొన్ని చాలా పొడుగ్గా ఉన్నాయి కాబట్టి కుదించాను, ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా, ప్రైజ్ ది లార్డ్. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. కౌలుకి తీసుకుని మిర్చి వేశాం. ముందు నల్ల తామర పురుగు, తర్వాత కోతలకి కూలీల ఖర్చు, తీరా యార్డుకి తీసుకెళ్తే రేటు లేదు. సగం టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయి, దాని అద్దె అదొకటి. మా ఆయన ఎవరితోనూ మాట్లాడట్లేదు, రాత్రుళ్ళు లేచి పొలం గట్టు మీదకెళ్ళి కూర్చుంటున్నాడు. మొన్న ఆదివారం ఆరాధనలో నాకు ఏడుపు ఆగలేదు. అయిపోయాక ఒక పెద్దావిడ వచ్చి "ఏడుపు మొహంతో దేవుని సన్నిధికి రాకూడదమ్మా, ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి అని వాక్యం ఉంది, నువ్వు లోబడట్లేదు" అంది. అప్పట్నుంచి నాకు అప్పుల బాధ కన్నా ఇదే ఎక్కువైపోయింది. ఆనందం రాకపోవడం పాపమా అక్కా?

జవాబు: పాపం కాదు చెల్లీ. ముందు ఆ మాట తీసి పక్కన పెట్టు. ఆ పెద్దావిడ మంచి మనసుతోనే అని ఉండొచ్చు, కాదనను, కానీ పుండు మీద మీ మిర్చి పొడే చల్లినట్టు అయింది.

ఆవిడ చెప్పింది ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం 4వ వచనం. మన ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద, గోడ స్టిక్కర్ల మీద ఆ ఒక్క వచనమే ఉంటుంది కాబట్టి అదేదో సుఖంగా కూర్చున్న మనిషి ఇచ్చిన ఆర్డర్ లాగా వినిపిస్తుంది. పత్రిక మొత్తం నాలుగు అధ్యాయాలే, ఈ రాత్రి ఒకసారి మొదట్నుంచి చదువు. రాసిన పౌలు జైల్లో ఉన్నాడు, బయటికి వస్తాడో చంపేస్తారో ఆయనకే తెలియదు. అంతకుముందు అదే ఫిలిప్పీ ఊళ్ళో ఆయన్నీ, ఆయనతో ఉన్న సీలనీ బట్టలు చింపి బెత్తాలతో కొట్టి కాళ్ళకి బొండ వేశారు, అది అపొస్తలుల కార్యములు 16లో ఉంటుంది. సరే ఇదంతా ప్రసంగాల్లో వినే ఉంటావు. ప్రసంగాల్లో పెద్దగా చెప్పనిది ఇంకొకటుంది, 2వ అధ్యాయం చివర్లో ఎపఫ్రొదితు అనే ఆయన సంగతి. ఫిలిప్పీ సంఘం వాళ్ళు డబ్బులు పోగుచేసి ఈయన చేతికిచ్చి జైల్లో ఉన్న పౌలు దగ్గరికి పంపించారు, వచ్చినాయన ఇక్కడ జబ్బు పడి చావు దాకా వెళ్ళాడు, తర్వాత కోలుకున్నాడు. దాని గురించి పౌలు ఏమంటాడంటే, నాకు దుఃఖముమీద దుఃఖము కలగకుండా దేవుడు నన్ను కూడా కనికరించాడు అంటాడు. చూశావా, ఆనందించుడి అన్న మనిషే ఈయన చచ్చిపోతే నేను తట్టుకోలేకపోయేవాణ్ణి అని అదే పత్రికలో, అదే సిరాతో రాశాడు. దుఃఖం ఉందని దాచుకోలేదు, సంఘానికి చెప్పుకున్నాడు.

ఇంకొక సంగతి, ఆ పత్రికలో పౌలుకి వచ్చిన సంతోషం ఊరికే గాల్లోంచి ఊడిపడలేదు. 4వ అధ్యాయంలోనే ఉంది, మీరు నా గురించి మళ్ళీ పట్టించుకున్నారు కాబట్టి చాలా సంతోషించాను అని. అంటే ఒక మనిషి నడిచి వచ్చాడు, చేతిలో కానుక ఉంది, ఊళ్ళోవాళ్ళ కబుర్లు ఉన్నాయి. ప్రభువునందు ఆనందం అనేది ఆయనకి ఆ రూపంలో వచ్చింది. మనమేమో కష్టంలో ఉన్న మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి, లోపల్నుంచి ఆనందం తెచ్చుకో తెచ్చుకో అంటాం. ఎక్కడ్నుంచి తెచ్చుకుంటుంది? నిన్ను ఆనందించమని చెప్పే హక్కు నీ దగ్గరికి ఎపఫ్రొదితు లాగా వచ్చినవాళ్ళకే ఉందని నా అభిప్రాయం, కొందరు పాస్టర్లకి ఇది నచ్చకపోవచ్చు.

హబక్కూకు ప్రవక్త పుస్తకం 3వ అధ్యాయంలో అంజూరపు చెట్లు పూయకపోయినా, చేను పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అనే మాట నీలాంటి రైతు కుటుంబాల్లో అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ పుస్తకం మొదలయ్యేది ఎలాగో చూడు, నేను మొర్రపెడుతుంటే ఎన్నాళ్ళు వినకుండా ఉంటావయ్యా అని దేవుడితో గొడవతో మొదలవుతుంది. మూడు అధ్యాయాలు వాదించాడు, వణికాడు, అప్పుడు ఆ మాట వచ్చింది. నువ్వు ఇంకా మొదటి అధ్యాయంలో ఉన్నావేమో, ఉండనీ. దేవుడు ఆ అధ్యాయం కూడా బైబిల్లోనే పెట్టాడు కదా.

ఇక వాక్యం పక్కనపెట్టి ఒక అక్కగా చెప్తున్నా, జాగ్రత్తగా విను. మీ ఆయన మాట్లాడకపోవడం, రాత్రిళ్ళు గట్టు మీద కూర్చోవడం నాకు భయంగా ఉంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లోనూ పొలంలోనూ ఏమున్నా ఇవాళే తీసి వేరేవాళ్ళ ఇంట్లో పెట్టించు. ఆయన్ని ఒంటరిగా వదలకు, అన్నదమ్ముల్లోనో సంఘంలోనో ఆయన మాట వినే ఒక్క మగమనిషిని పిలిచి పక్కన కూర్చోబెట్టు, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగమను, అలా అడిగితే లేని ఆలోచన పుడుతుంది అనుకుంటారు, పుట్టదు, మనసులో ఉన్నది బయటికొస్తుంది. 14416 అని టెలి మానస్ నంబరు ఉంది, గవర్నమెంటుది, డబ్బులక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, ఆయన చెయ్యకపోతే నువ్వే చేసి ఏం చెయ్యాలో అడుగు. ఇది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

తర్వాత మీ ఇద్దరూ ఒక కాగితం మీద బ్యాంకుది ఎంత, వడ్డీకి తెచ్చింది ఎంత, మందుల షాపులో ఖాతా ఎంత అని మొత్తం రాయండి. తలలో తిరిగే అప్పు కాగితం మీద అప్పు కన్నా ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది. వచ్చే పంటకి మళ్ళీ కౌలు చేసేటట్టయితే కౌలు కార్డు గురించి రైతు సేవా కేంద్రంలో ముందే అడగండి, అది లేకపోతే బ్యాంకు లోనుకీ, నష్టపరిహారానికీ పొలం యజమాని పేరే తప్ప మీ పేరు ఎక్కడా కనపడదు. స్త్రీల సమాజంలో నీకు నమ్మకమైన ఒకరిద్దరికి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ప్రార్థన మనవిలో "కుటుంబ సమస్యలు" అని ముసుగేసి చెప్పొద్దు, మిర్చి అని చెప్పు, అప్పు అని చెప్పు.

మందిరంలో ఏడుపొస్తే ఏడు. బైబిల్లో హన్నా అనే ఆవిడ షిలోహు మందిరంలో ఏడిస్తే యాజకుడు తాగి వచ్చింది అనుకున్నాడు, దేవుడు అలా అనుకోలేదు.

ప్రశ్న: అక్కా, హైదరాబాద్ ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటున్నా. బీటెక్ అయ్యి రెండేళ్ళు దాటింది. కోర్సులు చేశా, ఇంటర్వ్యూలు తిరుగుతున్నా, లాస్ట్ రౌండ్ దాకా వెళ్ళి ఆగిపోతోంది. మా యూత్ మీటింగ్‌లో ప్రతివారం సాక్ష్యాలు ఉంటాయి, ఒకరికి వీసా వచ్చింది, ఒకరికి ప్యాకేజీ వచ్చింది, అందరూ చప్పట్లు కొడతారు. నేనూ కొడతా గానీ లోపల మండిపోతుంది. దేవుడు నన్ను మర్చిపోయాడా? సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

జవాబు: తమ్ముడూ, నువ్వు రాసిన వాక్యం దావీదు ముందే రాసేశాడు. కీర్తన 13, "యెహోవా, ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోవుదువు?" ఆరు వచనాలే ఉంటుంది, చివరికి వచ్చేసరికి హర్షించుచున్నది అనే మాట వస్తుంది. ఆ చివర కూడా నీకు దూరంగా అనిపిస్తే 88వ కీర్తన చదువు, అది చీకటితోనే ఆగిపోతుంది, వెలుగు రాదు. అలాంటి పాటని కూడా దేవాలయంలో పాడుకోవడానికి పెట్టుకున్నారంటే మన యూత్ మీటింగ్ కన్నా వాళ్ళ ఆరాధనలో చోటు ఎక్కువ ఉన్నట్టు.

నాకు సాక్ష్యాల మీద కోపం లేదు, కానీ గెలిచినవాళ్ళే మైకు పట్టుకునే పద్ధతి మీద మాత్రం ఉంది. మన తెలుగు క్రైస్తవం ప్యాకేజీల్లో పుట్టలేదు నాయనా. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు, ధాత కరువు అని పాతవాళ్ళు చెప్పేవాళ్ళు, ఆ టైములో బకింగ్‌హాం కాలువ తవ్వే పనిలో ఒంగోలు మిషన్ క్లౌ దొర కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో చచ్చిపోతున్నవాళ్ళకి కూలి ఇప్పించాడు. ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట ఉంచినవాళ్ళు. మట్టి గంపలు దించి మధ్యాహ్నం కాస్త కూర్చున్నప్పుడు బోధకులు వాళ్ళకి "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి" అనే మాట చెప్పేవాళ్ళట. నిజంగా భారం మోస్తున్న మనుషులకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించు. విచిత్రం ఏంటంటే కరువు పని జరుగుతున్నంత కాలం క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారు అనే మాట రాకూడదని. కూలి ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇవ్వడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేనప్పుడు వచ్చినవాళ్ళు వాళ్ళు. మన కోస్తా జిల్లాల్లో ఎన్ని కుటుంబాల విశ్వాసం అక్కడ మొదలైందో, ఒకవేళ మీ ముత్తాతల్లో ఎవరన్నా ఆ ఏటి ఒడ్డున ఉన్నారేమో ఇంట్లో అడిగి చూడు.

కాబట్టి నీ దగ్గర సాక్ష్యం లేదు అనకు. వచ్చేవారం లేచి "నాకు ఇంకా జాబ్ రాలేదు, లోపల అసూయగా ఉంది, నాకోసం ప్రార్థన చెయ్యండి" అని రెండు ముక్కలు చెప్పి కూర్చో. ఆ గదిలో నీలాగే చప్పట్లు కొడుతున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీటింగ్ అయ్యాక తెలుస్తుంది, టీ దగ్గర నిన్ను వెతుక్కుంటూ వస్తారు. సంతోషించువారితో సంతోషించుడి అన్నది ఏడ్చువారితో ఏడవడం కన్నా కష్టం, అది ఒక్కరోజులో రాదు, మండిపోతే మండిపోతోంది అని దేవుడికే చెప్పు. కీర్తనలు రాసిన ఆసాపు 73వ కీర్తనలో మత్సరపడ్డాను అని పబ్లిక్‌గా ఒప్పుకున్నాడు, అతని పాటలేమీ తీసెయ్యలేదు.

లాస్ట్ రౌండ్‌లో ఎందుకు పోతోందో మాత్రం ఎవరైనా సీనియర్‌తో మాక్ ఇంటర్వ్యూ చేయించుకుని చూసుకో, అది ప్రార్థనతో పాటు చెయ్యాల్సిన పని. మీ హాస్టల్ ఖర్చు ఇంట్లోవాళ్ళకి భారంగా ఉంటే ఏదో ఒక చిన్న జాబ్‌లో చేరి వెతుక్కో, అందులో చిన్నతనం ఏమీ లేదు, పౌలు డేరాలు కుట్టుకుంటూనే తిరిగాడు.

ప్రశ్న: కాకినాడ నుంచి రాస్తున్నానండి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. కుడి చెయ్యి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. డైపర్లు, స్నానం, తినిపించడం అన్నీ నేనే. ఆదివారం చర్చికి వెళ్ళి ఎన్నాళ్ళయిందో, బైబిల్ తెరిస్తే రెండు లైన్లకే నిద్ర వచ్చేస్తుంది. ఒక్కోసారి ఆవిడ మీద అరిచేస్తాను, తర్వాత బాత్రూంలోకెళ్ళి ఏడుస్తాను. నాలో దేవుని ప్రేమ లేదేమో అనిపిస్తోందండి.

జవాబు: అమ్మా, నాలుగేళ్ళు ఇంకొకరి ఒళ్ళు తుడిచిన చేతులు మీవి, ప్రేమ లేకపోవడం ఏంటి. మీకు లేనిది నిద్ర.

1 రాజులు 19లో ఏలీయా ప్రవక్త ఇక చాలు నన్ను చంపెయ్యి అని చెట్టు కింద పడుకుంటే దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, రొట్టె కాల్చిపెట్టి నీళ్ళిచ్చి, తిన్నాక మళ్ళీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి కూడా తిను అనే అన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అని. అందుకని బైబిల్ తెరిస్తే నిద్ర వస్తే నిద్రపోండి, నిజంగానే చెప్తున్నా.

మీ ఆయన, ఆడపడుచులు ఏం చేస్తున్నారో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అది నాకు బాగా కనపడింది. తల్లి వాళ్ళది. వారంలో రెండు పూటలు మీరు ఇంట్లో ఉండను అని నెమ్మదిగా, కానీ గట్టిగా చెప్పండి. మీ సంఘం పాస్టరమ్మగారికి కూడా ఫోన్ చేసి ఆదివారం ఆరాధన టైములో ఎవరినన్నా పంపమని అడగండి, ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళడం కన్నా రెండు గంటలు కూర్చోవడం ఎక్కువ మేలు, వచ్చినవాళ్ళకి ఆవిణ్ణి రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని, లేకపోతే వీపు పుండ్లు పడుతుందని చెప్పి వెళ్ళండి. అరవడం గురించి, అరిచాక ఆవిడ చెయ్యి పట్టుకుని సారీ అత్తయ్యా అనండి, మాట పోయినంత మాత్రాన అర్థం కావడం పోనక్కర్లేదు.

ఇంకొకటి చేసి చూడండి. పక్షవాతంలో మాట పోయిన కొంతమందికి పాట మిగిలి ఉంటుంది, మాటకి మెదడులో ఎక్కువగా ఎడమవైపు పని చేస్తే పాటని రెండోవైపు కూడా పట్టుకుంటుంది అందుకని. ఆవిడ చిన్నప్పట్నుంచి పాడిన పాత కీర్తన ఏదైనా, గుడిలో హార్మోనియం మీద పాడేది, కొత్త వర్షిప్ సాంగ్స్ కాదు, మెల్లగా ఆవిడ చెవి దగ్గర మొదలుపెట్టండి, పల్లవి సగంలో ఆపెయ్యండి. కొంతమంది మిగతా సగం అందుకుంటారు. అందరికీ రాదు, మాట ఇవ్వలేను, స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళే వీలుంటే వాళ్ళకి ఈ సంగతి చెప్పండి, ఇంకా పద్ధతిగా చేయిస్తారు. ఆవిడ అందుకుంటే అది ఆరాధనే, మీ ఇద్దరిదీ, బైబిల్ రెండు లైన్లకే మూసేసినా సరే. అందుకోకపోయినా ఆ పది నిమిషాలు మీరు డైపర్ల గురించి కాకుండా ఆవిడ గురించి ఆలోచించి ఉంటారు, ఎందుకంటే ఆవిడకి ఏ పాట ఇష్టమో గుర్తు చేసుకోవాలిగా. ఏదీ గుర్తు రాకపోతే ఆవిడ చెల్లెళ్ళెవరన్నా ఉంటే ఫోన్ చేసి అడగండి, వాళ్ళూ మాట్లాడి చాలా రోజులయి ఉంటుంది.

ప్రశ్న: అక్కా, నాది రాయచోటి సైడు. కువైట్‌లో ఇంటిపని. శుక్రవారం సెలవు ఇవ్వట్లేదు, చర్చికి పోను వీల్లేదు. రాత్రి పన్నెండుకి పని అయ్యాక వంటగదిలో చిన్నగా పాడుకుంటా. ఒక్కదాన్నే పాడుకుంటే ఆరాధన అవుతుందా?

జవాబు: అవుతుంది తల్లీ. పౌలు, సీల పాడింది కూడా మధ్యరాత్రే, ఖైదీలు తప్ప వినేవాళ్ళు లేరు. కానీ నువ్వు ఒంటరిగానే ఉండిపో అని మాత్రం చెప్పను. అక్కడ తెలుగు సంఘాల వాళ్ళు ఉన్నారు, చాలామంది మీ కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్ళే, ఒకరి నంబరు సంపాదించుకుని రోజూ ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టుకోండి, పాట పాడి పెట్టినా చాలు. జీతం ఆపడం, తిండి పెట్టకపోవడం, చెయ్యి చేసుకోవడం లాంటివి ఉంటే ఓర్చుకోవడం విశ్వాసం అనుకోకు, ఇండియన్ ఎంబసీకి చెప్పించు. పాస్‌పోర్ట్, సివిల్ ఐడీ ఫోటోలు తీసి ఇంటికి పంపించి ఉంచు.

ప్రశ్న: అక్కా, మా ఊళ్ళో కూటాలు పెట్టారు. వచ్చిన ప్రసంగీకుడు పదివేలు విత్తనం వేస్తే, అంటే కానుక ఇస్తే, మీ కన్నీళ్ళు ఆనందంగా మారతాయి అన్నాడు. నా దగ్గర సరిగ్గా పదివేలే ఉన్నాయి, అవి మా వాడి స్కూల్ ఫీజు. వెయ్యకపోతే ఆశీర్వాదం పోతుందేమోనని భయం. మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. సణుగుకొనకయు బలవంతముగా కాకయు ఇవ్వాలని 2 కొరింథీ 9లో ఉంది, భయపడి ఇచ్చేది బలవంతం కాక ఇంకేంటండి. స్వంత ఇంటివాళ్ళని చూసుకోనివాడి గురించి 1 తిమోతి 5వ అధ్యాయం 8వ వచనంలో ఏముందో చదవండి, నేను ఇక్కడ రాస్తే మీకు కోపం వస్తుంది. దేవుడికి ఇవ్వాలనిపిస్తే ఉన్నంతలో, మీ సంఘంలో ఫీజు కట్టలేని ఇంకో పిల్లాడికి నోట్‌బుక్స్ కొనివ్వండి. మీ వాడి ఫీజు రేపే కట్టేసి రసీదు తీసుకోండి, తీసుకున్నాక పారెయ్యకండి, పరీక్షల ముందు మళ్ళీ అడుగుతారు.